బోరు పెద్దదైతే దూరం కొడుతుందా?

ఆర్కే బీచ్ ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి పొడవు దాదాపు 91 మీటర్లు. అంటే వంద గజాలు. రైఫిల్ దూరాల గురించి మాట్లాడుకోవడానికి విశాఖ వాళ్లకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. అలాంటివి అయిదు వరసగా పేర్చితే 500 గజాలు, అంటే 457 మీటర్లు. ఆ చివర ఒక దుప్పి అడ్డంగా నిలబడితే మామూలు కంటికి గోధుమరంగు చుక్కలా ఆనుతుంది. పది పేర్చితే 1000 గజాలు. విదేశీ వేట వీడియోల్లో ఈ దూరాల నుంచి కొట్టి జంతువును పడగొట్టడం చూపిస్తారు. చూసినవాళ్లకు వెంటనే తోచేది ఒకటే: తుపాకీ పెద్దది, అందుకే అంత దూరం కొట్టింది.

అది తప్పు. బోరు లావుకూ దూరానికీ ఉన్న సంబంధం చాలా తక్కువ. గుండు ఆకారం, దాని వేగం, దారిలో వీచే గాలి, ఇవి దూరాన్ని తేలుస్తాయి. వాటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది. ట్రిగ్గర్ మీద వేలు పెట్టిన మనిషి మొదటి గుండునే, పొలంలో, జంతువు గుండె ఊపిరితిత్తుల చోట ఎంత దూరం దాకా నమ్మకంగా దించగలడు? ఈ లెక్క వేసి చూస్తే పెద్ద బోరు మీద మోజు చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది.

చట్టం సంగతి ముందే చెప్పుకోవాలి. మన దేశంలో సరదా వేట అనేది లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ దాన్ని నిషేధించింది. చిరుతలు తిరిగే కంబాలకొండ అభయారణ్యం మన నగరాన్ని ఆనుకునే ఉంది. అక్కడ రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకీతో అడుగుపెట్టడమే నేరం. అయినా ఈ విషయం సరిగ్గా తెలియాల్సిన వాళ్లు విశాఖలో తక్కువేం లేరు. టెక్సాస్‌లోనో కొలరాడోలోనో స్థిరపడి, అక్కడి లైసెన్సుతో చట్టబద్ధంగా వేటకు వెళ్తున్న మన పిల్లలున్నారు. 50 మీటర్ల రేంజి దాటి 300 మీటర్ల పోటీల వైపు చూస్తున్న షూటర్లున్నారు. పంటను అడవి పందులు తొక్కేస్తుంటే పెద్ద రైఫిల్ ఒకటి ఉంటే బాగుండుననుకునే కొండవార రైతులున్నారు.

రెండు గుళ్లు పక్కపక్కన

మాటల్లో గందరగోళం లేకుండా: తూటా అంటే ఇత్తడి గొట్టం, అడుగున క్యాప్, లోపల మందు, ముందు గుండు, అన్నీ కలిపి. గుండు అంటే తుపాకీ గొట్టంలోంచి బయటికెళ్లే ముక్క మాత్రమే. బోరు లేదా క్యాలిబర్ చెప్పేది ఆ ముక్క లావు. అంతకుమించి ఏమీ చెప్పదు.

ఒక అరచేతిలో .458 విన్‌చెస్టర్ మాగ్నం గుండు, ఇంకో అరచేతిలో .300 విన్‌చెస్టర్ మాగ్నం గుండు పెట్టుకుని చూడండి. మొదటిది 11.6 మిల్లీమీటర్ల లావు, 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాములు దాటి బరువు. ముక్కు గుండ్రంగా, బొటనవేలి కొసలా ఉంటుంది. రెండోది 7.8 మిల్లీమీటర్ల లావు, 200 గ్రెయిన్లు, 13 గ్రాములు. ముక్కు సూదిగా సాగి, తోక దగ్గర పడవ వెనక భాగంలా సన్నబడి ఉంటుంది. తూకం వేస్తే మొదటిది రెండున్నర రెట్లు. కానీ గాలిని చీల్చుకుని పోయే గుణంలో రెండోదే మేలు. ఆ గుణాన్ని కొలిచే అంకెను బాలిస్టిక్ కోఎఫిషియెంట్ అంటారు. పాత పద్ధతి జీ1 కొలతలో .458 గుండుకు అది సుమారు 0.3, .300 గుండుకు సుమారు 0.6. అంకె ఎంత పెద్దదైతే వేగం అంత నెమ్మదిగా తగ్గుతుంది.

బయల్దేరే వేగంలోనూ తేడా ఉంది. .458 గుండు సెకనుకు 650 మీటర్ల దగ్గర బయల్దేరుతుంది, .300 గుండు 870 దగ్గర. రెండింటినీ 100 గజాలకు గురి కుదిర్చి 300 గజాల్లో కాల్చితే, .300 గుండు గురికి దాదాపు 30 సెంటీమీటర్లు కింద పడుతుంది. .458 గుండు 80 సెంటీమీటర్ల దాకా జారిపోతుంది. .458ను తయారుచేసిందే వేరే పనికి. పొదలోంచి మీదికొచ్చే అడవి దున్ననో ఏనుగునో ముప్ఫై నలభై గజాల్లో ఆపడానికి. ఆ పనిలో దానికి సాటి రాగలవి కొన్నే. ఆ పనిముట్టును కొండ మీంచి లోయ అవతలికి గురిపెట్టడం, గొడ్డలితో కొబ్బరి కోరడం లాంటిది.

మన దేశంలో లైసెన్సు మీద దొరికే .315 బోరు రైఫిల్ కూడా ఇదే నేర్పుతుంది. .303 సైన్యం బోరు కాబట్టి పౌరులకు ఇవ్వలేదు. అందుకని అదే లీ-ఎన్‌ఫీల్డ్ తరహా యాక్షన్‌లో (తూటా ఎక్కించి పేల్చే యంత్రాంగంలో) 8×50 మిల్లీమీటర్ల రిమ్ తూటా పట్టేలా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ దీన్ని తయారుచేసింది. పేరులో .315 ఉంది, .300 కంటే పెద్ద అంకె. గుండు బరువు 244 గ్రెయిన్లు, అదీ .300 కంటే ఎక్కువే. కానీ ముక్కు మొద్దు, మందు తక్కువ, వేగం తక్కువ. అంకె చూసి దాన్ని దూరపు రైఫిల్ అనుకుంటే దెబ్బతింటారు. ఇనుప గురితో వంద, నూటయాభై గజాల లోపే దాని రాజ్యం.

జారడం తెలిసిన శత్రువు

గుండు గొట్టం దాటిన క్షణం నుంచే కిందికి పడుతూ ఉంటుంది. 'కొంత దూరం తిన్నగా వెళ్లి తర్వాత పడుతుంది' అన్న మాట రేంజిల్లో కూడా వినబడుతుంది. అది నిజం కాదు. స్కోప్ (గురి చూసే దుర్బిణి) గీతకు గొట్టం కాస్త పైకి వాలేలా బిగిస్తాం కాబట్టి గుండు గీతను కింది నుంచి పైకి దాటి, మళ్లీ కిందికి వచ్చి దాటుతుంది. మనకు తిన్నగా పోయినట్టు అనిపించేది ఆ మధ్య భాగమే.

.300 విన్‌చెస్టర్ మాగ్నంలో 200 గ్రెయిన్ల గుండుతో 200 గజాలకు గురి కుదిర్చారనుకుందాం. 500 గజాల దగ్గర అది దాదాపు ఒక మీటరు కింద పడుతుంది. 1000 గజాల దగ్గర ఏడు మీటర్లకు పైగా. వినడానికి భయంగా ఉన్నా ఇది లొంగే సమస్యే. భూమ్యాకర్షణ రోజుకో రకంగా మారదు. స్కోప్ మీది పై గుండీ ఒక్క క్లిక్కుకు 0.1 మిల్ (మిల్ అంటే కోణాన్ని కొలిచే ప్రమాణం) కదిలితే, అది 100 మీటర్లకు ఒక సెంటీమీటరు, 457 మీటర్లకు 4.6 సెంటీమీటర్లు. మీటరు జారుడును సరిచేయడానికి 22, 23 క్లిక్కులు పైకి తిప్పాలి, అంతే. పట్టిక రాసి రైఫిల్ కుందాకు అంటించుకుంటే సరిపోతుంది.

షరతు ఒక్కటే, దూరం కచ్చితంగా తెలియాలి. 500 గజాల దగ్గర పాతిక గజాలు తప్పుగా అంచనా వేస్తే గుండు దాదాపు 10 సెంటీమీటర్లు పైకో కిందికో పోతుంది. లోయకు అటు ఇటు చూసినప్పుడు కన్ను ఈ మాత్రం పొరబడడం చాలా మామూలు. అందుకే లేజర్ రేంజ్‌ఫైండర్ లేకుండా 300 గజాలు దాటి కాల్చడం తగదు. రేంజ్‌ఫైండర్ కిరణం జంతువు ముందున్న గడ్డికో వెనకున్న రాతికో తగిలి తప్పు అంకె చూపిస్తుంది. మూడుసార్లు కొలిచి, జంతువు పక్కనున్న బండనో చెట్టునో కూడా కొలిచి సరిచూసుకోవాలి.

ఏటవాలు ఇంకో మెలిక. అనంతగిరి ఘాట్ లాంటి వాలులో 30 డిగ్రీల కిందికి 400 మీటర్లు చూపిస్తే, గుండు జారుడుకు లెక్కకొచ్చేది అడ్డంగా ఉన్న దూరమే, అంటే 346 మీటర్లు. 400కు తిప్పుకుని కాల్చితే గుండు జంతువు వీపు మీంచి పోతుంది. పైకి కాల్చినా కిందికి కాల్చినా ఫలితం ఒకటే: గుండు మనం అనుకున్నదానికంటే పైన తగులుతుంది. కిందికి కాల్చితే కింద తగులుతుందని చాలామంది అనుకుని, ఇంకాస్త పైకి పట్టి తప్పుకు తప్పు జోడిస్తారు.

గాలి దగ్గరే అంతా తేలేది

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. దూరపు వేటలో తప్పులు ఎక్కువగా నిలువున జరగవు, అడ్డంగా జరుగుతాయి. కారణం గాలి.

అదే .300 గుండుకు పక్క నుంచి గంటకు 16 కిలోమీటర్ల గాలి వీస్తే 200 గజాల దగ్గర అయిదారు సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. పట్టించుకోనక్కర్లేదు. 500 గజాల దగ్గర 38 సెంటీమీటర్లు. 1000 గజాల దగ్గర 1.7 మీటర్లు. దూరం రెట్టింపైతే పక్కకు జరగడం నాలుగు రెట్లు దాటిపోతోంది. గుండు వేగం తగ్గేకొద్దీ గాలి చేతిలో ఎక్కువసేపు ఉంటుంది, అందుకని.

ఇప్పుడు అసలు లెక్క. దుప్పి అంత జంతువులో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు అడ్డకోత 20 నుంచి 25 సెంటీమీటర్లు. అన్నం తినే పళ్లెం కంటే చిన్నది. నడిమికి గురిపెడితే ఎటు చూసినా 10, 12 సెంటీమీటర్ల వెసులుబాటు. గాలి 16 కిలోమీటర్లు వీస్తోందని మీరు అంచనా వేశారు, నిజానికి 11 వీస్తోంది. తేడా కేవలం అయిదు. 500 గజాల దగ్గర ఆ అయిదు కిలోమీటర్లే గుండును 12 సెంటీమీటర్లు జరిపేస్తుంది. వెసులుబాటు మొత్తం గాలి ఒక్కదానికే అయిపోయింది. రైఫిల్ సొంత చెదురు, మీ ఊపిరి, దూరం కొలతలో తప్పు, వీటికి ఇక చోటు లేదు. గుండు పొట్టలో తగిలితే ఆ జంతువు గంటల తరబడి నరకం పడి ఎక్కడో పొదలో చస్తుంది. వేటగాడికి దొరకదు కూడా.

మరి బోరు పెంచితే? .338 లపువా మాగ్నం తీసుకుందాం. గుండు 285 గ్రెయిన్లు, 18 గ్రాములు దాటి. బాలిస్టిక్ కోఎఫిషియెంట్ 0.79 దాకా. గాలికి కొట్టుకుపోవడం .300తో పోలిస్తే అయిదో వంతు, ఆరో వంతు తగ్గుతుంది. అంటే పైన చెప్పిన 12 సెంటీమీటర్ల తప్పు 10 అవుతుంది. రెండు సెంటీమీటర్ల లాభం. దానికోసం కిలోన్నర, రెండు కిలోల బరువు ఎక్కువ మోయాలి, భుజం మీద ఎక్కువ తన్ను భరించాలి, తూటాకు రెట్టింపు డబ్బు పెట్టాలి. ఇటువైపు చూడండి: 6.5 క్రీడ్‌మూర్, 2007లో వచ్చిన చిన్న తూటా, గుండు 9.3 గ్రాములే. అది సన్నగా పొడవుగా ఉండడంవల్ల 500 గజాల దగ్గర గాలికి జరిగేది 40 సెంటీమీటర్లు, .300తో ఇంచుమించు సమానం. బోరు చిన్నదైనా ఆకారం కుదిరితే గాలిలో నిలబడుతుంది.

గాలిని చదవడం చేత్తో పట్టుకునే మీటరుతో అయిపోదు. మీటరు చెప్పేది మీరున్న చోటు సంగతి. గుండు వెళ్లే దారి మధ్యలో లోయ ఉంటే అక్కడి గాలి వేరు. విశాఖలో ఉన్నవాళ్లకు ఇది విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే గాలి బీచ్ రోడ్డు మీద చొక్కాను ఎగరేస్తుంటే, అదే సమయంలో కొండ వెనక వీధిలో ఆకు కదలదు. కళ్లకు గుర్తులు అలవాటు చేసుకోవాలి. గంటకు అయిదు కిలోమీటర్ల లోపైతే పొగ వాలుతుంది గానీ ముఖానికి గాలి తెలియదు. ఆరు నుంచి పదకొండు మధ్య ముఖానికి తగులుతుంది, ఆకులు గలగలమంటాయి. పన్నెండు దాటితే చిన్న రెమ్మలు ఆగకుండా ఊగుతాయి, సరుగుడు తోట ఈలవేయడం మొదలుపెడుతుంది. ఇరవై దాటితే దుమ్ము లేస్తుంది. ఆ గాలిలో 300 గజాలు మించి జంతువు మీద కాల్చకపోవడమే పద్ధతి. స్పాటింగ్ స్కోప్‌లో ఎండమావి అలలు నిట్టనిలువుగా మరుగుతుంటే పక్కగాలి లేనట్టు. పక్కకు పారుతుంటే ఆ దిక్కుకు గాలి ఉన్నట్టు. ఇంకా కోణం చూడాలి. సూటిగా పక్క నుంచి వస్తే మొత్తం లెక్క, ఏటవాలుగా 45 డిగ్రీల్లో వస్తే పదికి ఏడు వంతులు, 30 డిగ్రీల్లో వస్తే సగం.

ముప్పావు సెకను లోపు జరిగేది

500 గజాలు చేరడానికి .300 గుండుకు 0.6 సెకను పడుతుంది. మనసు 'ఇప్పుడు' అనుకున్నాక వేలు కదలడానికి ఇంకో కొంత. మేస్తున్న జంతువు ఈలోపు ఒక్క అడుగు వేస్తే గురిపెట్టిన చోటు అరమీటరు ముందుకు పోతుంది. దీన్ని ఏ క్యాలిబరూ సరిచేయలేదు. జంతువు తల ఎత్తి అటూ ఇటూ చూస్తున్నా, చెవులు తిప్పుతున్నా, మంద నడుస్తున్నా దూరం నుంచి కాల్చకూడదు. దగ్గరకు పాకుతూ వెళ్లడం కష్టమే. అయితే 500ను 250 చేస్తే గాలి తప్పు నాలుగో వంతుకు దిగుతుంది. రైఫిల్ మార్చి ఇంత లాభం ఎవరూ తెచ్చుకోలేరు.

తగలడం ఒకటి, తగిలాక పనిచేయడం ఒకటి. వేట గుండు లోపల పుట్టగొడుగులా విచ్చుకోవాలి. అందుకు తగిలేటప్పుడు దానికి చాలినంత వేగం ఉండాలి. మామూలు సాఫ్ట్ పాయింట్ (ముక్కు దగ్గర సీసం బయటికి ఉండేవి), బాండెడ్ (సీసాన్ని తొడుగుకు అతికించినవి) గుళ్లు చాలావాటికి సెకనుకు 550 మీటర్లు కావాలి. దూరానికని చేసిన కొన్ని గుళ్లు 490 దగ్గర కూడా విచ్చుకుంటాయి. మన .300 గుండు 700 గజాలు చేరేసరికి 550కి దిగిపోతుంది. ఆపైన అది విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి అవతలికి పోవచ్చు. లక్ష్యం పలక మీద కాగితానికి ఆ రంధ్రం చాలు, జంతువుకు చాలదు. కాగితం పోటీలకు చేసిన గుళ్లను వేటకు వాడొద్దనేది కూడా ఇందుకే. పలచటి తొడుగున్న ఆ గుళ్లు దగ్గర్లో ఎముకకు తగిలితే పైపైనే చిట్లిపోతాయి, దూరంలో అసలు తెరుచుకోవు.

పెద్ద బోరుకు నిజంగా చోటెక్కడ? జంతువు పెద్దదైనప్పుడు. నమీబియా చట్టం దీన్ని అంకెల్లో పెట్టింది. స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్న జింకకు గొట్టం దాటేటప్పటి శక్తి కనీసం 1,350 జౌళ్లు, కుడు, ఒరిక్స్ లాంటి పెద్ద జింకలకు 2,700, అడవి దున్న, ఏనుగులకు 5,400 ఉండాలి. మన .300కు ఉన్నది 4,900 దగ్గర, దున్నకు చాలదు. 1912లో హాలండ్ అండ్ హాలండ్ తెచ్చిన .375 మాగ్నం 5,700 దాటుతుంది కాబట్టి నేటికీ ఆఫ్రికాలో అదే పెద్దన్న. కొలరాడోలో పెద్ద జంతువుల వేటకు అడిగేది ఇంతకంటే చాలా తక్కువ: కనీసం .24 బోరు, విచ్చుకునే గుండు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్లు, అంటే 1,356 జౌళ్లు.

ఇక .50 బ్రౌనింగ్ మెషిన్‌గన్ తూటా. పేరులోనే ఉంది అది దేనికి పుట్టిందో. ఆ తూటా పట్టే రైఫిళ్లు 14 కిలోల దాకా తూగుతాయి. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో పెద్ద జంతువుల వేటకు 16 పౌండ్లు, అంటే 7.26 కిలోలు దాటిన రైఫిల్ నిషిద్ధం. వేటకు దాన్ని సిఫారసు చేసేవాళ్ల మాట వినకండి.

భుజం చేసే మోసం

నాలుగు కిలోల రైఫిల్‌లో .30-06 (.300 మాగ్నం కంటే చిన్న తూటా) తన్ను ఓర్చుకోవచ్చు. .300 మాగ్నం అంతకు దాదాపు ఒకటిన్నర రెట్లు తంతుంది. .458 అయితే .300కు రెండింతలు. తన్ను వల్ల వచ్చే నష్టం భుజం నొప్పి కాదు. పదో రౌండుకు వచ్చేసరికి శరీరం ముందే ముడుచుకోవడం నేర్చుకుంటుంది. కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, వేలు ట్రిగ్గర్‌ను నొక్కకుండా గుంజుతుంది. గుండు కిందికి, కుడిచేతివాళ్లకు చాలాసార్లు ఎడమకు పోతుంది. కాల్చేవాడికి ఇది తెలియదు, ఎందుకంటే పేలుడు దాన్ని కప్పేస్తుంది.

బయటపెట్టే పద్ధతి సులువు. రేంజిలో పక్కనున్నవాళ్లు మీరు చూడకుండా మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య రెండు డమ్మీ తూటాలు కలపాలి. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ 'టిక్' అంటుంది, పేలుడుండదు. ఆ క్షణంలో గొట్టం కొస చూడండి. కదలకుండా నిలిస్తే మంచిది. కిందికి గుచ్చుకున్నట్టు దిగితే ఆ బోరు మీకు ఇంకా ఎక్కువే. చిన్న బోరుకు దిగి, నెలలు సాధన చేసి మళ్లీ రావాలి. గొట్టం కొసకు మజిల్ బ్రేక్ బిగిస్తే తన్ను బాగా తగ్గుతుంది. బదులుగా పేలుడు శబ్దం పక్కలకూ వెనక్కీ మళ్లుతుంది. రైఫిల్ పేలుడు 160 డెసిబెళ్లు దాటే శబ్దం. ఒక్కసారికే చెవి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. లోపల ప్లగ్గులు, పైన మఫ్లు, రెండూ పెట్టుకోవాలి. పక్కన నిలబడ్డవాళ్లు కూడా.

రైఫిల్‌ను నమ్మే ముందు

మూడు రౌండ్ల గుంపు చూసి మురిసిపోవద్దు. మూడు గుళ్లు పక్కపక్కన పడడం అదృష్టం వల్ల కూడా జరుగుతుంది. పది కాల్చితేనే రైఫిల్ అసలు చెదురు కనిపిస్తుంది. సన్నటి వేట గొట్టం వేడెక్కితే గురి జరుగుతుంది కాబట్టి ఆ పదీ ఒక్కసారిగా కాల్చకూడదు. మూడేసి కాల్చి, గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. పొలంలో లెక్కకొచ్చేది చల్లటి గొట్టంలోంచి వెళ్లే మొదటి గుండు. దాన్ని వేరువేరు రోజుల్లో, ఒకే కాగితం మీద ఒక్కొక్కటే కాల్చి గుర్తుపెట్టుకుంటే నెల తిరిగేసరికి రైఫిల్ గురించి, మీ గురించి నిజం తెలుస్తుంది.

స్కోప్ గుండీలు చెప్పినంత తిరుగుతున్నాయో లేదో చూడాలి. 100 మీటర్ల దగ్గర పొడవాటి కాగితం కట్టి, దారానికి బరువు వేలాడదీసి దాని వెంట నిలువు గీత గీయండి. కింద చుక్కకు ఒక గుంపు కాల్చి, 5 మిల్లులు పైకి తిప్పి, అదే చుక్కకు మళ్లీ గురిపెట్టి కాల్చండి. రెండో గుంపు సరిగ్గా 50 సెంటీమీటర్లు పైన, గీత మీదే పడాలి. 48 దగ్గర పడితే మీ పట్టిక అంతా ఆ మేరకు తప్పు. గీతకు పక్కగా పడితే స్కోప్ ఒరిగి బిగిసింది. గుండు వేగం డబ్బా మీది అంకె నుంచి తీసుకోకుండా క్రోనోగ్రాఫ్‌తో కొలవాలి. తూటాకూ తూటాకూ సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే 500 గజాల్లో అది నాలుగైదు సెంటీమీటర్లే, 1000లో 20 సెంటీమీటర్లు.

విశాఖ వాతావరణం కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. ఉక్కపోతలో గాలి బరువెక్కి గుండును ఆపుతుందని అనుకుంటారు. నిజానికి నీటి ఆవిరి అణువు పొడిగాలి అణువు కంటే తేలిక. తేమగాలి కాస్త పలచన. తేడా చాలా చిన్నది, పక్కన పెట్టేయొచ్చు. ఎత్తు మాత్రం గట్టి తేడా తెస్తుంది. సముద్రమట్టం దగ్గర వేసుకున్న పట్టికను 900 మీటర్ల ఎత్తున్న అరకు చలిలోకి తీసుకెళ్తే సరిపోదు. 2,500 మీటర్ల కొలరాడో కొండల్లో అయితే గుండు బాగా పైన తగులుతుంది. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన తూటాల్లో మందు వేడెక్కి పీడనం పెరుగుతుంది. బోల్టు (తూటాను గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) బిగుసుకోవడం, క్యాప్ చదునవడం కనిపిస్తే ఆపేయాలి. ఇక ఉప్పుగాలి. సముద్రం ఒడ్డున ఒక్క రాత్రి తుడవకుండా వదిలేసిన గొట్టంలో తెల్లారేసరికి తుప్పు పొర కనిపిస్తుంది. నూనె గుడ్డతో తుడిచి దాచాలి, కాల్చే ముందు ఆ నూనెను పొడిగుడ్డతో తీసేయాలి. లేకపోతే మొదటి గుండు వేరే చోట పడుతుంది.

భూమి తిరగడం వల్ల గుండు పక్కకు పోతుందన్న మాట చాలామందిని ఆకర్షిస్తుంది. మన 17.7 డిగ్రీల అక్షాంశం దగ్గర, 1000 గజాలకు అది మూడు సెంటీమీటర్లు. అదే దూరంలో గాలి అంచనా అయిదు కిలోమీటర్లు తప్పితే గుండు జరిగేది యాభై సెంటీమీటర్లు. ముందు గాలి నేర్చుకోవాలి.

మీ దూరం ఎంత?

25 సెంటీమీటర్ల కాగితపు పళ్లెం ఒకటి కట్టండి. బెంచీ, ఇసుక సంచులు వద్దు. వేటలో ఎలా ఉంటుందో అలా: కూర్చుని, బైపాడ్ మీద పడుకుని, సంచి మీద ఆన్చి. వంద అడుగులు గబగబా నడిచొచ్చి, ఊపిరి ఎగపోస్తుండగా ఒక్క గుండు. ఇలా వేరువేరు రోజుల్లో పదిసార్లు. పదికి పది ఏ దూరం దాకా పళ్లెంలో పడతాయో అదే మీ దూరం. తొమ్మిది పడితే ఆ దూరం మీది కాదు. మంచి షూటర్లలో కూడా చాలామందికి ఇది 250, 300 గజాల దగ్గర ఆగుతుంది. అంతర్జాతీయ 300 మీటర్ల రైఫిల్ పోటీల్లో పదో వలయం 10 సెంటీమీటర్లు, అనుమతించే బోరు 8 మిల్లీమీటర్లు దాటకూడదు. ప్రపంచంలోని మేటి షూటర్లు చిన్న బోర్లతోనే ఆ వలయాన్ని నింపుతున్నారు.

కాల్చాక వెంటనే లేవకూడదు. బోల్టు లాగి రెండో తూటా ఎక్కించి, స్కోప్‌లోంచి చూపు తీయకుండా ఉండాలి. జంతువు నిలబడ్డ చోటు పక్కనున్న రాయినో కొమ్మనో గుర్తుపెట్టుకోవాలి. 400 గజాల అవతలికి నడిచి వెళ్లేసరికి నేల రూపు మారిపోతుంది, చూసిన పొద ఏదో తెలియదు. ఒకరు వెనకే ఉండి చేతి సైగలతో దారి చూపితే మంచిది. రక్తం లేతగులాబీ రంగులో నురగగా ఉంటే ఊపిరితిత్తులు, జంతువు దగ్గర్లోనే పడుంటుంది. పచ్చగా, దుర్వాసనతో ఉంటే పొట్ట. గంటల తరబడి ఆగి వెతకాలి, వెంటపడితే ఇంకా దూరం పోతుంది.

మన కొండవార పొలాల్లో

అడవి పంది ఇప్పుడు వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది; 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక ఇలా మారింది. పంట పాడుచేస్తోందని ఎవరికి వారు కాల్చేయడానికి వీల్లేదు. 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు రాసి, రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. తుపాకీ లైసెన్సు ఉందంటే వేటకు అనుమతి ఉందని కాదు, రెండూ వేరువేరు చట్టాలు. 1959 ఆయుధ చట్టం ప్రకారం, 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు లేని నాటు తుపాకీ సంగతి సరేసరి.

అనుమతి చేతికొచ్చినా ఆ పనికి పెద్ద బోరు దూరపు రైఫిల్ కావాలనుకోవడం పొరపాటు. పందులు వచ్చేది రాత్రి, టార్చి వెలుగు పారే అరవై, ఎనభై గజాల్లో. మన పొలం చదునుగా ఉంటుంది, దాని వెనక తోట, తోట వెనక ఊరు. .300 మాగ్నం గుండు ఏ అడ్డూ లేకుండా పైకి లేచి పోతే నాలుగు కిలోమీటర్లు దాటి పడగలదు. పంది ఒంట్లోంచి అవతలికి వచ్చిన గుండు కూడా ఆగదు. అందుకే మంచె మీంచి కిందికి, గుండు నేలలో దిగబడేలా కాల్చాలి. పంది వెనక మట్టి గట్టు కనిపించకపోతే ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. చెరకు తోటలోకి, జొన్న చేలోకి కదలిక చూసి కాల్చకూడదు; కాపలా పడుకున్న మనుషులు అక్కడే ఉంటారు. పడిన పంది 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకోకుండా అటవీ సిబ్బందికి కబురు చేసి అప్పగించాలి, ఎన్ని తూటాలు వాడారో రాసి ఇవ్వాలి.